బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ వేయాలంటే: ముందు ఎస్‌ఎంపీఎస్ మీది స్టిక్కర్ చదవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సెకండ్‌హ్యాండ్‌లో డెల్ ఆప్టిప్లెక్స్ 9020 టవర్ తీసుకున్నారు. లోపల ఐ5-4590 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి పార్టులకు కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) ఉన్నాయి. గేమ్స్‌కీ వీడియో ఎడిటింగ్‌కీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్ వేద్దామనుకుంటున్నారు. 650 వాట్ల మామూలు ఎస్‌ఎంపీఎస్ కొని బిగిస్తే సరిపోతుందా, లేదంటే మదర్‌బోర్డ్ ఊడదీసి వేరే క్యాబినెట్‌లోకి మార్చొచ్చా అని అడిగారు.

రెండూ సాధ్యమే. కానీ రెండూ వద్దనే అంటాను. ఈ పెట్టెను ఎంతవరకు అప్‌గ్రేడ్ చేయొచ్చో తేల్చేది అందులో ఉన్న ఎస్‌ఎంపీఎస్. దాని హద్దులో ఉంటే ఈ మెషీన్‌ని తక్కువ ఖర్చుతో బాగా వాడుకోవచ్చు. ఆ హద్దు దాటిన రోజు నుంచి ఒక్కో పార్టుకీ ఒక్కో అడాప్టర్ వెతుక్కోవాల్సిందే. చివరికి కొత్తది కట్టుకోవడానికయ్యే ఖర్చే అవుతుంది, చేతిలో మాత్రం పాత మెషీనే ఉంటుంది.

సైడ్ ప్యానెల్ తీసి ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డ్‌కి వెళ్లే పెద్ద కనెక్టర్ చూడండి. మామూలు అసెంబుల్డ్ పీసీలో అక్కడ 24 పిన్నులుంటాయి. మీ 9020లో 8 పిన్నులే ఉంటాయి. ప్రాసెసర్‌కి వెళ్లే 4 పిన్నుల కనెక్టర్ దానికి అదనం. దీనికి ముందు తరమైన 7010, 9010 టవర్లలో ఇదే డెల్ 24 పిన్నుల కనెక్టర్ వాడింది. 7020, 9020 దగ్గరకొచ్చేసరికి 8కి మార్చేసింది. ఇతర కంపెనీలదీ ఇదే కథ. హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ1లో పవర్‌కి 6 పిన్నుల కనెక్టర్, సిగ్నల్స్‌కి విడిగా ఇంకో 6 పిన్నుల కనెక్టర్ ఉంటాయి. లెనోవో థింక్‌సెంటర్ ఎం83, ఎం93పీలలో 14 పిన్నులు, ఆ తర్వాత వచ్చిన ఎం910 లాంటి వాటిలో 10 పిన్నులు. అందుకే ఎవరైనా "బ్రాండెడ్ పీసీకి ఏ ఎస్‌ఎంపీఎస్ కొనాలి" అని అడిగితే మోడల్ నంబర్ తెలియకుండా చెప్పడం కుదరదు.

ఇదంతా మనల్ని ఇబ్బంది పెట్టడానికే చేశారనుకుంటే సగమే నిజం. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చినప్పుడు ఎస్‌ఎంపీఎస్ 3.3, 5, 12 వోల్టులు మూడూ విడివిడిగా ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పటి బోర్డుల్లో కరెంటులో ఎక్కువ భాగం 12 వోల్టుల లైను నుంచే పోతుంది. కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు కరెంటు వృథా తగ్గాలంటే ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులు మాత్రమే ఇచ్చి, మిగతావి బోర్డే తయారు చేసుకోవడం మేలు. ఇంటెల్ కూడా 2020 ప్రాంతంలో ఏటీఎక్స్12వీఓ పేరుతో సరిగ్గా ఈ పద్ధతినే 10 పిన్నుల కనెక్టర్‌తో ప్రమాణంగా తెచ్చింది. బ్రాండ్ కంపెనీలు అంతకన్నా ముందే ఆ దారి పట్టాయి, కాకపోతే ఎవరి కనెక్టర్ వాళ్లది. మీ బోర్డులో హార్డ్ డిస్క్‌కి పవర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి కాకుండా మదర్‌బోర్డ్ నుంచే వెళ్లడానికి కారణం ఇదే. ఆ వైరు పారేసుకోకండి, విడిగా దొరకడం కష్టం.

ఇక అడాప్టర్ కేబుళ్ల సంగతి. 24 పిన్నుల నుంచి 8కి, 6కి, 14కి, 10కి మార్చే కేబుళ్లు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. చాలామంది వాడుతున్నారు, పని చేస్తున్నాయి కూడా. కొనేముందు మూడు సంగతులు తెలుసుకోండి. 24 పిన్నుల కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు రెండే. గ్రాఫిక్స్ కార్డ్ స్లాట్, డిస్కులు, ఫ్యాన్లు, యూఎస్‌బీ అన్నిటికీ కరెంటు ఆ రెండు పిన్నుల నుంచే రావాలి. వైరు సన్నగా ఉంటే వేడెక్కేది అక్కడే. రెండోది స్టాండ్‌బై వోల్టేజ్, అంటే పీసీ ఆఫ్‌లో ఉన్నా బోర్డుకి అందుతుండేది. మామూలు ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బైలో 5 వోల్టులిస్తుంది, కొన్ని బ్రాండెడ్ బోర్డులకు మాత్రం 12 దగ్గర కావాలి. అందుకే కొన్ని కేబుళ్ల మధ్యలో వోల్టేజ్ పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది లేని చవక కేబుల్ తగిలిస్తే పవర్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు.

మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. కనెక్టర్ పట్టిందంటే సరిపోయినట్టేనని అనుకోకండి. 1998 నుంచి కొన్నేళ్ల పాటు డెల్ డెస్క్‌టాప్‌లలో ఏటీఎక్స్ కనెక్టర్ చూడ్డానికి మామూలుగానే ఉండేది, లోపల పిన్నుల వరస మాత్రం వేరు. మామూలు ఎస్‌ఎంపీఎస్ తగిలించి పవర్ ఇస్తే బోర్డో, ఎస్‌ఎంపీఎస్సో, రెండూనో కాలిపోయేవి. ఇప్పటికీ ఆ ప్రమాదం వేరే రూపంలో ఉంది. మీ బోర్డుకి కావాల్సిన 8 పిన్నుల ప్లగ్గూ, మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో ప్రాసెసర్ కోసం ఇచ్చే 8 పిన్నుల ప్లగ్గూ చూపుకి ఒకేలా అనిపిస్తాయి. హెచ్‌పీ వాళ్ల 6 పిన్నులదీ, గ్రాఫిక్స్ కార్డ్ 6 పిన్నులదీ అంతే. ఒకదాని చోట ఇంకోటి బలవంతంగా నొక్కితే పొగ రావడానికి ఒక్క క్షణం చాలు. అడాప్టర్ వాడే తీరాలనుకుంటే, బోర్డుకి తగిలించకముందే మల్టీమీటర్‌తో ఏ పిన్నులో ఎన్ని వోల్టులొస్తున్నాయో కొలిచి చూసుకోండి. మల్టీమీటర్ పట్టుకోవడం రాకపోతే ఈ దారిలోకి అసలు రావద్దు.

వేరే క్యాబినెట్‌లోకి మార్చడం ఇంతకన్నా పెద్ద తలనొప్పి. బోర్డు స్క్రూ రంధ్రాలు అన్నీ కలవవు. వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు డెల్ క్యాబినెట్‌లో భాగం, విడిగా రాదు. పవర్ బటన్, లైట్ల వైర్లు మామూలు క్యాబినెట్‌లోలా విడివిడి పిన్నులు కాకుండా సొంత కనెక్టర్‌తో వస్తాయి. ముందు వైపు యూఎస్‌బీ, ఆడియో కేబుల్ తగలకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ ఎర్రర్ చూపి ఎఫ్1 నొక్కమంటుంది. ప్రాసెసర్ ఫ్యాన్ కూడా చూసుకోవాలి. బయట దొరికే ఫ్యాన్లకు 4 పిన్నులు, కొన్ని డెల్ బోర్డులకు 5. ఆ ఐదో పిన్ను సరిగ్గా లేకపోతే ఫ్యాన్ చక్కగా తిరుగుతున్నా "ఫ్యాన్ పాడైంది" అంటుంది బోర్డు. వీటన్నిటికీ జుగాడ్‌లున్నాయి. సరదాకి చేసేవాళ్లకి అది మంచి కాలక్షేపమే. మీకు కావాల్సింది పని చేసే పీసీ కాబట్టి వదిలేయండి.

ఇప్పుడు లెక్కకొద్దాం. ఐ5-4590 టీడీపీ (ప్రాసెసర్‌కి కంపెనీ చెప్పే వాట్ల రేటింగ్) 84 వాట్లు. బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లు కలిపి 40 వేసుకోండి. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170. మొత్తం 294. మీ ఎస్‌ఎంపీఎస్ 290. పైగా ఈ కార్డ్‌లు క్షణకాలం తమ రేటింగ్ కంటే బాగా ఎక్కువ లాగుతాయి, అది ఈ లెక్కలో లేదు. ఇవన్నీ పక్కన పెట్టినా 3060కి విడిగా పవర్ ప్లగ్ కావాలి, మీ ఎస్‌ఎంపీఎస్ నుంచి అలాంటి వైరు రాదు. సాటా ప్లగ్ (డిస్కులకు పవర్ ఇచ్చేది) నుంచి గ్రాఫిక్స్ కార్డ్ ప్లగ్‌కి మార్చే కేబుల్ అమ్ముతారు, దాన్ని ముట్టుకోకండి. సాటా ప్లగ్‌లో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోటి ఒకటిన్నర ఆంపియర్. అంటే 54 వాట్లు. గ్రాఫిక్స్ కార్డ్ 6 పిన్నుల ప్లగ్ 75 వాట్లు, 8 పిన్నులది 150 అడగొచ్చు. మీ మెషీన్‌లో ఆ సాటా పవర్ కూడా బోర్డు నుంచే వస్తోంది కాబట్టి ప్లగ్గుతో పాటు బోర్డు కూడా కరిగే అవకాశముంది.

దీనికి తోడు 4 కోర్లు, 4 థ్రెడ్ల ఐ5 వెనక 3060 పెడితే చాలా గేమ్స్‌లో కార్డ్ సగం ఖాళీగా కూర్చుంటుంది. ఎడ్లబండికి విమానం ఇంజన్ బిగించినట్టే.

మీ అవసరానికి దారి స్లాట్ పవర్‌తోనే నడిచే కార్డ్. గ్రాఫిక్స్ కార్డ్ గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ పెద్ద స్లాట్ గరిష్ఠంగా 75 వాట్లిస్తుంది. ఆ లోపు తీసుకునే కార్డ్‌కి విడిగా ప్లగ్ అక్కర్లేదు, ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిన పనీ లేదు. మీ 84, 40లకు 75 కలిపితే 200 దగ్గర ఆగుతుంది, 290కి హాయిగా సరిపోతుంది.

నేనైతే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ తీసుకుంటాను. 2024లో వచ్చింది, 70 వాట్లు. వీడియో ఎన్‌కోడింగ్‌కి (ఎడిట్ చేసిన వీడియోని ఫైల్‌గా కుదించడానికి) ఎన్విడియా హార్డ్‌వేర్ ఉంటుంది కాబట్టి ఎడిటింగ్‌కి బాగా పనికొస్తుంది. ఇక్కడొక మోసం లాంటిది ఉంది, జాగ్రత్త. అదే పేరుతో 2022లో వచ్చిన 3050 8 జీబీ కార్డ్ 130 వాట్లది, దానికి విడిగా ప్లగ్ కావాలి. డబ్బా మీద పేరు చూసి తెచ్చుకోకుండా కార్డ్ ఫొటోలో పైఅంచున పవర్ సాకెట్ ఉందో లేదో చూసుకోండి. జీటీఎక్స్ 1650 కూడా 75 వాట్ల కార్డే, సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. కొందరు తయారీదారులు దానికి కూడా 6 పిన్నుల సాకెట్ పెట్టారు, కాబట్టి అదే జాగ్రత్త అవసరం.

రేడియాన్ ఆర్‌ఎక్స్ 6400ని చాలామంది చెప్తారు. 53 వాట్లే కాబట్టి ఊరిస్తుంది. కానీ అది స్లాట్‌లో 4 లేన్లే (డేటా వెళ్లే దారులు) వాడుకుంటుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 బోర్డుల్లో ఫర్వాలేదు, మీ 3.0 బోర్డులో వేగం తగ్గుతుంది. వీడియో ఎన్‌కోడర్ అసలే లేదు, ఎడిటింగ్ చేసేవాళ్లకి ఆ కార్డ్ వద్దు. ఇంటెల్ ఆర్క్ ఏ310, ఏ380లు సరిగ్గా నడవాలంటే బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డ్ మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) ఉండాలి. మీ తరం బోర్డుల్లో అది లేదు.

చిన్న సైజు క్యాబినెట్‌లు వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. మీకు సగం ఎత్తు కార్డే పడుతుంది, కొన్ని మోడళ్లలో ఆ స్లాట్ 75 వాట్లు కూడా ఇవ్వదు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో స్లాట్ పవర్ ఎంతో చూసుకున్నాకే కొనండి. ఇంకా చిన్నవి, ల్యాప్‌టాప్ అడాప్టర్‌తో నడిచేవి ఉంటాయి కదా, వాటిలో కార్డ్ ప్రసక్తే లేదు. పైగా డెల్ వాటిలో అడాప్టర్ ప్లగ్ మధ్యలో ఉండే సన్నటి పిన్ను "నేను ఇన్ని వాట్ల డెల్ అడాప్టర్‌ని" అని బోర్డుకి చెప్తుంది. ఆ కబురు అందకపోతే ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. "నా మినీ పీసీ ఉన్నట్టుండి నత్తలా తయారైంది" అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం బయట కొన్న అడాప్టరే.

290 వాట్లు నిజంగానే చాలవనిపిస్తే, మామూలు ఎస్‌ఎంపీఎస్ కన్నా ముందు అదే కంపెనీ పెద్ద ఎస్‌ఎంపీఎస్ వెతకండి. ఆఫీస్ మోడల్‌కి అదే తరంలో ఒక వర్క్‌స్టేషన్ తోబుట్టువు ఉంటుంది. మీ 9020కి అది ప్రెసిషన్ టీ1700. దానికి 365 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కూడా ఇచ్చేవాళ్లు, 9020 టవర్‌లో వేసుకునేవాళ్లు దాన్నే వెతుక్కుంటారు. కొనేటప్పుడు పేరుతో కాకుండా స్టిక్కర్ మీది పార్ట్ నంబర్‌తో వెతకాలి. డెల్‌లో డీపీ/ఎన్, లెనోవోలో ఎఫ్‌ఆర్‌యూ, హెచ్‌పీలో స్పేర్ నంబర్ అని ఉంటుంది. పేర్లను నమ్ముకుంటే ఎందుకు మునుగుతామంటే, డెల్ 2023లో ఆప్టిప్లెక్స్ 7010 పేరునే మళ్లీ ఒక కొత్త మోడల్‌కి పెట్టింది, 2024లో 7020 పేరునీ అలాగే వాడింది. 2012 నాటి 7010కి అని ఆర్డర్ పెడితే పదకొండేళ్ల తర్వాతి దాని పార్టు వస్తుంది.

కార్డ్ గురించి ఇంత చెప్పాను గానీ, మీకు రోజూ తేడా తెలిసేది ఎస్‌ఎస్‌డీతో. హార్డ్ డిస్క్ తీసి 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి, ముందు ఆ పని చేయండి, కార్డ్ తర్వాత. ఎన్‌వీఎంఈ (సాటా కన్నా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ) జోలికి పోవద్దు. 9020 బోర్డులో దాన్ని గుచ్చే ఎం.2 స్లాట్ లేదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో అడాప్టర్ కార్డ్ పెట్టి ఎన్‌వీఎంఈ తగిలించొచ్చు, కానీ ఆ తరం బయాస్‌లు (ఆన్ చేయగానే ముందు నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) సాధారణంగా దాని నుంచి విండోస్ బూట్ చేయవు. ఇంకొకటి, డెల్ వాళ్లు బయాస్‌లో సాటా మోడ్‌ని "రెయిడ్ ఆన్" అని పెట్టి పంపుతారు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డిస్క్ కనబడకపోతే దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చండి. పాత విండోస్‌నే కాపీ చేసుకుంటున్నట్టయితే, మార్చేముందు ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ అయ్యేలా సెట్ చేసి, ఆ తర్వాత మార్చాలి. నేరుగా మారిస్తే నీలి తెరే. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే బయాస్‌లో వేలు పెట్టకముందే రికవరీ కీ వేరే చోట రాసుకోండి.

ర్యామ్‌లో పెద్ద గొడవ లేదు, బ్రాండెడ్ పీసీల్లో కూడా ఇది మామూలు ర్యామే. మీకు డీడీఆర్3, 1600, నాలుగు స్లాట్లు, గరిష్ఠంగా 32 జీబీ. ఎడిటింగ్‌కి 16 వేయండి. చవగ్గా వస్తోందని సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ తీసుకోకండి, అది మీ బోర్డులో పని చేయదు.

ప్రాసెసర్ మార్చాలనుకుంటే ఐ7-4790. 4 కోర్లు, 8 థ్రెడ్లు, ఎడిటింగ్‌లో తేడా కనిపిస్తుంది. దాని టీడీపీ కూడా 84 వాట్లే కాబట్టి ఉన్న హీట్‌సింక్, ఉన్న ఎస్‌ఎంపీఎస్ అలాగే సరిపోతాయి, కొత్త థర్మల్ పేస్ట్ చాలు. సాకెట్ కలిస్తే ఏ ప్రాసెసరైనా నడుస్తుందనుకోవడం బ్రాండెడ్ వాటిలో చెల్లదు, ఆ మోడల్‌తో పాటు కంపెనీ అమ్మిన ప్రాసెసర్ల జాబితాలో ఉన్నదే తీసుకోండి. ఏఎండీ వైపు వెళ్లేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. కొన్ని లెనోవో బిజినెస్ మెషీన్లలో రైజెన్ ప్రో ప్రాసెసర్‌ని ఆ కంపెనీ బోర్డులకే లాక్ చేసేస్తారు. అది సెకండ్‌హ్యాండ్‌లో కొని వేరే బోర్డులో పెడితే బూట్ కాదు, ఆ లాక్ తీయడం ఎవరి వల్లా కాదు.

ఎంత ఖర్చు పెట్టాలన్న దానికి కూడా నాకొక గీత ఉంది. మీది 4వ తరం ఇంటెల్. విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. లినక్స్‌కి మారతారా, అనధికారికంగా 11 ఎక్కిస్తారా అన్నది మీ ఇష్టం. నా ఉద్దేశంలో మాత్రం ఈ మెషీన్ మీద పెట్టే డబ్బు రేపు వేరే పీసీలోకి తీసుకెళ్లగలిగే వాటి మీదే పెట్టాలి. ఎస్‌ఎస్‌డీ అలాంటిది, కార్డ్ అలాంటిది. డీడీఆర్3 ర్యామ్, ఐ7-4790, అడాప్టర్ కేబుల్, డెల్ ఎస్‌ఎంపీఎస్ ఇక్కడే ఉండిపోతాయి. అందుకే ఐ7ని చవగ్గా దొరికితేనే తీసుకోమంటాను. 3060 తప్ప వేరేది వద్దనుకుంటే ఈ పెట్టె అమ్మేసి, మామూలు 24 పిన్నుల బోర్డుతో కట్టుకోవడమే మేలు. విండోస్ లైసెన్స్ డెల్ బోర్డుకే ముడిపడి ఉంటుంది కాబట్టి అది కొత్త బోర్డుకి రాదని కూడా లెక్కలో వేసుకోండి.

కార్డ్ కొనేముందు టేపుతో రెండు కొలతలు తీసుకోండి. వెనక రేకు నుంచి ముందున్న డిస్క్ అర దాకా ఎంత పొడవుంది, స్లాట్ పక్కన రెండో స్లాట్ మందానికి చోటుందా అని. బయాస్‌ని డెల్ సైట్‌లో ఉన్న చివరి వెర్షన్‌కి ముందే అప్‌డేట్ చేసుకోండి. కార్డ్ పెట్టాక తెర రాకపోతే కంగారు పడకుండా మానిటర్ వైరు ఎక్కడుందో చూడండి, చాలాసార్లు అది ఇంకా మదర్‌బోర్డ్ పోర్టులోనే ఉంటుంది. వైరు కార్డ్‌కే తగిలించి ఉంటే కార్డ్ తీసేసి, బోర్డు డిస్‌ప్లే మీద బయాస్‌లోకి వెళ్లి, బూట్ మోడ్ యూఈఎఫ్‌ఐలో (పాత లెగసీ పద్ధతి కాకుండా కొత్త పద్ధతిలో) ఉందో లేదో చూసి మళ్లీ పెట్టండి. అప్పటికీ రాకపోతే కార్డ్ ఫొటో, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫొటో రెండూ పెట్టండి, చూసి చెప్తాను.